జిడ్డు ముఖం, బోరు నీళ్లు, నిమ్మచెక్క: కావలి నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు రాసిందాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. వయసు 22, ఊరు కావలి, స్కూటీ మీద ఆఫీసుకు పోతారు. పొద్దున ముఖం కడుక్కుని బయటికొచ్చిన గంటకే నుదురు, ముక్కు మెరుస్తున్నాయి. అందుకని రోజుకు ఐదారుసార్లు ఒంటిసబ్బుతో కడుగుతున్నారు. ఇంట్లో బోరు నీళ్లే. కడిగిన వెంటనే చెంపలు బిగదీసుకుపోతున్నాయి, మధ్యాహ్నానికి మళ్లీ జిడ్డే. వారానికి రెండుసార్లు నిమ్మచెక్క రుద్దారు, శనగపిండి పట్టించారు. చివరికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము కొన్నాళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. మానేసిన నాలుగు రోజులకే ముఖమంతా ఎర్రబడి సన్న పొక్కులు లేచాయి. ‘ఇప్పుడు ఏం రాసుకోవాలి?’ అని అడిగారు.

రాసుకోవాల్సినవి రెండో మూడో ఉన్నాయి, చెబుతాను. వాటికన్నా ముందు మానాల్సినవి నాలుగున్నాయి: ఆ ఒంటిసబ్బు, ఆ ఐదారు కడుగుళ్లు, ఆ నిమ్మచెక్క, ఆ క్రీము. ఇందులో క్రీము సంగతి మిగతావాటిలాంటిది కాదు. దాన్ని కింద విడిగా రాశాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

జిడ్డును పుట్టించేది తైలగ్రంథి. వెంట్రుక మొదలును అంటిపెట్టుకుని చర్మం లోపలి పొరలో ఉంటుంది. అరిచేతుల్లో, అరికాళ్లలో ఈ గ్రంథులు అసలుండవు. ముఖం మీద మాత్రం చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటాయి, నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మరీ దట్టంగా. గ్రంథిలోని కణాలు నూనెతో నిండి, చివరికి తామే పగిలి ఆ నూనెలో కలిసిపోతాయి. ఆ నూనె సన్నటి గొట్టం గుండా పైకొచ్చి ముఖం మీద పరుచుకుంటుంది. ఎంత నూనె తయారు కావాలో నడిపించేవి ఆండ్రోజెన్ హార్మోన్లు. ఇవి మగవాళ్లలోనే కాదు, ఆడవాళ్లలోనూ ఉంటాయి. వాటికి ఎవరి గ్రంథి ఎంత గట్టిగా స్పందిస్తుందన్నది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. గ్రంథి లోపలెక్కడో ఉంది, దాన్ని నడిపేది రక్తంలోని హార్మోను. పైన మీరు ముఖం కడిగిన సంగతి దానికి తెలియదు. కడిగితే పైన పరుచుకున్న నూనె పోతుంది, కొన్ని గంటల్లో లోపలినుంచి మళ్లీ వస్తుంది. ఒకసారి కడిగినా, ఆరుసార్లు కడిగినా గ్రంథి తన పని తాను చేసుకుపోతుంది. ‘ఎక్కువ కడిగితే చర్మం పంతం పట్టి ఇంకా ఎక్కువ నూనె వదులుతుంది’ అని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ మాటను మరీ పట్టించుకోకండి. ఎక్కువ కడిగితే జరిగే అసలు నష్టం వేరు. చర్మం పైపొరలో కణాల మధ్య ఉండే కొవ్వులు కరిగిపోతాయి. ఇటుకల మధ్య సిమెంటు రాలినట్టన్న మాట. ఆ సందుల్లోంచి ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. చెంపలు బిగదీయడం అదే. పైన జిడ్డు, లోపల ఎండిన చర్మం, రెండూ ఒకే ముఖం మీద ఉండగలవు. మీకున్నది అదే.

ఇక మన ఎండలు. చర్మం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పైకొచ్చే జిడ్డు దాదాపు 10 శాతం పెరుగుతుంది. రోహిణి కార్తెలో ఆఫీసు నుంచి ఇంటికి రావడానికి పట్టే అరగంట చాలు. దానికితోడు కావలిది సముద్రపు గాలి. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, ఆరని చెమట మీద నూనె పలచటి పొరలా జారి ముఖమంతా పాకుతుంది. అదే నూనె సముద్రానికి దూరంగా ఉదయగిరి వైపు ఉన్న మనిషి ముఖం మీద ఇంత మెరవదు, అక్కడ చెమట గాలికి ఆరిపోతుంది. కాబట్టి మెరిసేదంతా నూనె కాదు, అందులో సగం చెమట కూడా కావచ్చు.

ఏది ఎంతో ఇంట్లోనే చూసుకోవచ్చు. సబ్బు లేకుండా, లేదా మెత్తటి ఫేస్‌వాష్‌తో ముఖం కడిగి, ఏమీ రాయకుండా ఫ్యాను కింద గంటసేపు కూర్చోండి. తర్వాత పలచటి టిష్యూ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒకటి నుదుటికి, ఒకటి ముక్కుకు, ఒకటి చెంపకు, ఒకటి గడ్డానికి అదిమి పట్టండి. ఒక్కోదానికి పది సెకన్లు చాలు, రుద్దొద్దు. వాటిని బల్ల మీద పెట్టి పావుగంట ఆగండి. చెమట మరకైతే ఆరి మాయమవుతుంది. నూనె మరకైతే బజ్జీల పొట్లం కాగితంలాగా అక్కడ కాగితం అద్దంలా మారి అలాగే ఉంటుంది, వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే తెలిసిపోతుంది. నాలుగు ముక్కలూ అలా ఉంటే నిజమైన జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం ముక్కలే అలా ఉండి చెంప ముక్క మామూలుగా ఉంటే మిశ్రమ చర్మం. మీరు చెప్పిన లక్షణాలు రెండోదానికే దగ్గరగా ఉన్నాయి. అంటే ముఖమంతటికీ ఒకే మందు పూయడం పొరపాటవుతుంది.

ఇప్పుడు సబ్బు. మన చర్మం కొంచెం ఆమ్లగుణంలో ఉంటుంది. దాన్ని కొలిచే పీహెచ్ అంకె 5కు అటూఇటూ ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్న మాట. మామూలు ఒంటిసబ్బు పీహెచ్ 9 నుంచి 10. అట్ట మీద టీఎఫ్ఎం 76 శాతం అని చూసి ‘మొదటి రకం సబ్బు, మంచిదే’ అనుకుంటారు. టీఎఫ్ఎం సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెబుతుంది. ముఖానికి మెత్తగా ఉంటుందా లేదా అన్నది దాన్నిబట్టి తేలదు. వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి. సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని మొదట్లో ఉంటే అది అసలు సబ్బు. సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ లాంటివి మొదట్లో ఉంటే అది సిండెట్ రకం, అంటే సబ్బులా కనిపించే, సబ్బు కానిది. పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. ముఖానికి రెండోదే వాడండి, బిళ్ల రూపంలో ఉన్నా ట్యూబులో ఉన్నా సరే.

సబ్బు మార్చమని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం మీ బోరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగానో గట్టిగానో ఉంటాయి. గట్టి నీళ్లంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నవి. అసలు సబ్బు వీటితో కలిస్తే నురగ రాకుండా, నీటిలో కరగని తెల్లటి మడ్డిగా విరిగిపోతుంది. స్నానాల గదిలో బకెట్టు అంచుకు వేలితో గీస్తే గోటికి వచ్చే జారుడు పొర చూశారు కదా, అదే. ఆ పొర ముఖం మీదా మిగులుతుంది. కడిగాక చర్మం కిచకిచమంటే శుభ్రమైందనుకుంటాం. అందులో కొంత ఈ సబ్బు మడ్డి గరుకుదనమే. పైగా మిగిలిన సబ్బు చర్మాన్ని గంటల తరబడి చురచురలాడిస్తుంది.

మీ నీళ్లు ఏ రకమో తెలియాలంటే ఖాళీ లీటరు బాటిల్లో సగం దాకా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అంతే క్యాన్ నీళ్లు పోయండి. ఒంటిసబ్బును చాకుతో గీకి రెండింటిలో చిటికెడు చొప్పున వేసి, మూతపెట్టి అర నిమిషం ఆడించండి. క్యాన్ నీళ్లలో నురగ లేచి, బోరు నీళ్లు పాలలా తెల్లబడి నురగ నిలవకపోతే నీళ్లు గట్టివే. బట్టల పౌడరుతో చేయకండి, అది గట్టి నీళ్లలోనూ నురగనిస్తుంది. తాగే నీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. కాచితే కాఠిన్యంలో కొంత భాగమే పోతుంది, కనుక మరగకాచి చల్లార్చిన నీళ్లతో పెద్ద లాభం ఉండదు. చేయదగ్గది చాలా చిన్నది: ముఖం బోరు నీళ్లతోనే కడిగి, చివర ఒక్క చెంబు, అర లీటరుంటే చాలు, క్యాన్ నీళ్లతోనో మున్సిపల్ కుళాయి నీళ్లతోనో తొలపండి. సిండెట్ రకం గట్టి నీళ్లలో విరగదు కాబట్టి ఆ రెండూ కలిస్తే చెంపల బిగువు పది పదిహేను రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. నీళ్లలో ఫ్లోరైడు ఉన్న కనిగిరి, పొదిలి వైపు నుంచి చదువుతున్నవాళ్లకు ఒక మాట: ఫ్లోరైడు తాగితే పళ్లకీ ఎముకలకీ చేటు చేసేది. ముఖం జిడ్డుకు దాన్ని ముడిపెట్టి కంగారుపడొద్దు.

ఎండాకాలం మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి మరిగినట్టుంటాయి. వేడినీళ్లు పైపొర కొవ్వును ఇంకా తొందరగా కరిగిస్తాయి. రాత్రే ఒక బకెట్టు పట్టి నీడన పెట్టుకుంటే మర్నాడంతా పనికొస్తాయి.

కడిగే తీరు ఇలా. ముందు చేతులు కడుక్కోండి. ముఖం తడిపి, ఫేస్‌వాష్ పావు చెంచా అరచేతిలో కాసిని నీళ్లతో నురగ చేసి, వేళ్ల కొనలతో అర నిమిషం. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు, ముక్కు పక్కల మడతలు, దవడ కింద, ఈ మూడూ జనం వదిలేసే చోట్లు. దోసిలితో కనీసం ఎనిమిది పదిసార్లు తొలపాలి. మెత్తటి నూలు తుండుతో అద్దుకోవాలి, తుడవకూడదు. ఆ తుండు మీకు విడిగా ఉండాలి, రెండు రోజులకోసారి ఉతకాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మధ్యలో బాగా చెమట పడితే ఒట్టి నీళ్లతో ఒకసారి. ఆఫీసులో మెరుపు ఇబ్బందిగా ఉంటే టిష్యూతో అద్దుకోండి, దాంతో పైనూనె పోతుంది, చర్మానికి నష్టం లేదు. టాల్కం పౌడరు మాత్రం వద్దు. చెమటతో కలిసి ముద్దకట్టి ముక్కు పక్కల పేరుకుంటుంది.

నిమ్మచెక్క గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మన ప్రాంతానికి పేరు తెచ్చినవే, చేపల వేపుడు మీద పిండుకోండి, మజ్జిగలో పిండుకోండి. ముఖం మీద మాత్రం వద్దు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మంది 5 దగ్గర. ఒక్కో అంకెకు పదిరెట్లు తేడా కాబట్టి రసం చర్మం కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ ఆమ్లం. అది ఒక ఎత్తు. నిమ్మతొక్కలో, రసంలో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, ఆ చోట గోధుమరంగు మచ్చ పడుతుంది. మన మేనిఛాయకు ఆ మచ్చ నెలల తరబడి పోదు. పొద్దున నిమ్మచెక్క రుద్దుకుని స్కూటీ ఎక్కడమంటే ఆ మచ్చను చేతులారా తెచ్చుకోవడమే. వంటసోడా, టూత్‌పేస్టు కూడా ఇదే కోవలోకి వస్తాయి. సున్నిపిండి, శనగపిండి నూనెను పీల్చగలవు, వాటిలో విషమేమీ లేదు. కానీ రవ్వగా ఉన్న పిండితో రుద్దితే మొటిమల మీద చర్మం గీరుకుంటుంది. ముల్తానీ మట్టి వాడాలనుంటే వారానికి ఒకసారి, రెండు చెంచాలు ఒట్టి నీళ్లలో కలిపి, జిడ్డున్న చోట్ల మాత్రమే పూసి, ఎనిమిది పది నిమిషాల్లో ఇంకా తడిగా ఉండగానే కడిగేయాలి. పూర్తిగా ఎండి పగుళ్లిచ్చేదాకా ఉంచితే చర్మంలోని తడిని కూడా లాగేస్తుంది. మీకు మాత్రం ప్రస్తుతానికి అది కూడా వద్దు.

ఇక క్రీము. మీరు దాని పేరు రాయలేదు. ట్యూబు ఇంకా ఉంటే వెనక సన్న అక్షరాలు చదవండి. బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లుయోసినోలోన్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో స్టెరాయిడ్ కలిపిన మూడు మందుల క్రీములు కూడా మన ఊళ్లలో ‘తెల్లబడే క్రీము’ పేరుతో చేతులు మారుతుంటాయి. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపును అణిచేస్తుంది. అందుకే మొదటి వారంలో ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, సన్న ఎర్ర నరాలు బయటపడతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఒకే సైజు మొటిమలు గుంపుగా లేస్తాయి. ఆపితే అణిగివున్న వాపంతా ఒక్కసారి ఎగదన్ని ముఖం మండుతుంది. భయపడి మళ్లీ రాస్తారు, మళ్లీ బాగుంటుంది. అలా ఏళ్లు గడిచిపోయినవాళ్లు ఉన్నారు. 2018లో కేంద్రం ఇలాంటి పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలోకి తెచ్చింది. కౌంటరు మీద అడిగితే ఇచ్చే వస్తువు కాదిది.

మీరు వాడింది రెండు మూడు వారాలే అయితే, ఆపేసి ఓపిక పట్టొచ్చు. ఎరుపు కొన్ని వారాల్లో దిగుతుంది. నెలల తరబడి వాడివుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, చర్మ డాక్టరుకు చూపించి, తక్కువ బలమున్నదానికి మార్చుకుంటూ మెల్లగా తగ్గించుకోవాలి. ఏదైనా సరే, ఎరుపు, మంట పోయేదాకా మీ ముఖానికి మూడే మూడు: సిండెట్ ఫేస్‌వాష్, తేలికపాటి మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్. యాసిడ్లు, సీరమ్‌లు, పార్లరు బ్లీచ్, ఫేషియల్ మసాజ్ ఏవీ వద్దు. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఈ కాలంలో కాస్త మెరిసినా పర్వాలేదు, ఆ మెరుపు మీకు హాని చేయదు.

జిడ్డు ముఖానికి మాయిశ్చరైజరెందుకని అడుగుతారు. గ్రంథి వదిలే జిడ్డు నూనె, మాయిశ్చరైజరు నిలిపేది నీరు. ఒకదానికొకటి బదులు కాదు. జెల్ రకం తీసుకోండి, గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్, డైమెథికోన్ ఉన్నవి సరిపోతాయి. శనగగింజంత చాలు, చెంపలకు కొంచెం ఎక్కువ, ముక్కుకు పైపైన. ‘నాన్ కామెడోజెనిక్’, అంటే చర్మ రంధ్రాలను మూసేయనిది, అని అట్ట మీద ఉంటే మంచిదే గానీ, ఆ మాట రాసుకోవడానికి కచ్చితమైన ప్రభుత్వ పరీక్షంటూ లేదు. మూడు వారాలు వాడి మీ ముఖాన్నే చూసుకోండి. కొబ్బరినూనె, కోకో బటర్ ఉన్నవి ముఖానికి వద్దు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 అయినా సూర్యుడి యూవీ-బీ కిరణాల్లో 97 శాతాన్ని ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం పాకులాడే బదులు చాలినంత రాయండి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది అందులో మూడో వంతు రాసి పనిచేయలేదంటారు. జెల్ రకమో నీళ్లలా జారే రకమో తీసుకోండి, బయటికి వెళ్లే పావుగంట ముందు రాయండి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. కళ్లలోకి చెమటతో కారి మండుతుంటే నుదుటి మీద జింక్ ఆక్సైడ్ రకం వాడి చూడండి.

ముఖం నెమ్మదించాక జిడ్డు, మొటిమల సంగతి చూసుకోవచ్చు. స్టెరాయిడ్ జోలికి పోని పాఠకులు ఇక్కణ్ణించి మొదలుపెట్టుకోవచ్చు. నూనెలో కరిగి గొట్టం లోపలికి పోగలిగేది శాలిసిలిక్ యాసిడ్. 2 శాతం ఉన్న ఫేస్‌వాష్‌ను వారానికి మూడు రాత్రులు, నిమిషం పాటు ముఖం మీద ఉంచి కడిగేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు వాడకూడదు. నియాసినమైడ్ 4, 5 శాతం సీరమ్ నాలుగైదు చుక్కలు పొద్దున రాస్తే కొన్ని వారాల్లో జిడ్డు కొంత తగ్గుతుంది. 10 శాతంది కొనక్కర్లేదు, కొందరికి చురచురలాడుతుంది. రెండూ ఒకే రోజు మొదలుపెట్టకండి, ఏది పడలేదో తెలియదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు వారాలుండాలి.

మొటిమలుంటే ఎక్కువ నమ్మదగ్గది అడాపలీన్ 0.1 శాతం జెల్. డాక్టరు చీటీ మీద తెచ్చుకోవాలి. గర్భవతులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు, వాళ్లకు అజెలాయిక్ యాసిడ్ లాంటివి డాక్టరే చెబుతారు. అడాపలీన్ నూనెను తగ్గించదు. గొట్టం మూతి దగ్గర చచ్చిన కణాలు అతుక్కుపోకుండా చూస్తుంది, దాంతో నూనెకు దారి దొరుకుతుంది. ఇది పాడయ్యేదంతా వాడే తీరులోనే. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరనివ్వండి, పావుగంట ఇరవై నిమిషాలు. తడి ముఖం మీద రాస్తే మంట ఎక్కువ. పచ్చిబఠాణీ గింజంత తీసుకుని, నుదురు, రెండు చెంపలు, ముక్కు, గడ్డం మీద ఐదు చుక్కలు పెట్టి ముఖమంతా పలచగా పరచండి. మొటిమ మీద మాత్రమే పెట్టేది కాదిది, రాబోయే మొటిమను ఆపేది. కంటి చుట్టూ, పెదాల అంచుల్లో, ముక్కు మూలల్లో వదిలేయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత ఓర్చుకుంటే రోజూ. శాలిసిలిక్ కూడా వాడుతుంటే ఆ రాత్రులు మాత్రం ఇది వద్దు. మొదటి నెలలో పొట్టు లేస్తుంది, మొటిమలు ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు. ఫలితం చూడాలంటే 12 వారాలు పడుతుంది. దీంతోపాటు డాక్టరు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఇస్తే, అది తుండు, దిండు గలీబుల రంగు పోగొట్టి మరకలు చేస్తుంది, తెల్లవి వాడుకోండి.

ముక్కు మీద బూడిదరంగు చుక్కలు చూసి అందరూ బ్లాక్‌హెడ్స్ అనుకుని గిల్లుతుంటారు. వాటిలో చాలావరకు గొట్టం నిండా సహజంగా ఉండే జిడ్డు పోగులే. పీకినా వారాల్లో మళ్లీ నిండుతాయి. నిజమైన బ్లాక్‌హెడ్ నలుపు కూడా మురికి కాదు, గాలి తగిలిన మెలనిన్ రంగు. రుద్ది తీసేది కాదు కాబట్టి రుద్దకండి.

తలనూనె గురించి కూడా చెప్పాలి, మన ఇళ్లలో దీనికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. రాత్రి తలకు కొబ్బరినూనె, ఆముదం పట్టించి పడుకుంటే తెల్లారేసరికి నుదుటి మీదికి, దిండు మీదినుంచి చెంపల మీదికి చేరుతుంది. నుదుటి అంచునే వరసగా సన్న పొక్కులుంటే కారణం ఎక్కువసార్లు ఇదే. నూనె మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు పెట్టుకోండి, నుదుటికి పలచటి గుడ్డ కట్టుకోండి, షాంపూ, కండిషనరు కడిగేశాక ఆఖరున ముఖం, వీపు కడగండి. హెల్మెట్ కింద పలచటి నూలు గుడ్డ కట్టుకుని దాన్ని రోజూ మార్చండి. చెమటతో తడిసిన హెల్మెట్ పట్టీ గడ్డం దగ్గర ఒరుసుకున్నచోట మొటిమలు వస్తాయి, వారానికోసారి లోపలి స్పాంజీ ఉతికి ఎండలో ఆరేయండి. గడ్డం గీసుకునే మగవాళ్లు వెంట్రుక వాలున గీయండి, పటిక పైపైన రాసి కడిగేస్తే చాలు.

పొక్కులన్నీ ఒకే సైజులో ఉండి, దురదపెడుతూ, నుదురు, ఛాతీ, వీపు మీద చెమట కాలంలో ఎక్కువైతే అవి మొటిమలు కాకపోవచ్చు. మలాసేజియా అనే ఈస్టు వల్ల వచ్చేవి అలా ఉంటాయి. మొటిమలని యాంటీబయాటిక్ మాత్రలు వాడితే అవి ఇంకా పెరుగుతాయి. అలాగే కనుబొమల్లో, ముక్కు పక్కల పసుపుపచ్చ పొట్టు రాలుతుంటే పొడి చర్మమనుకుని నూనె రాస్తారు. ఆ ఈస్టు తినేది నూనెలోని కొవ్వునే కాబట్టి పొట్టు ఇంకా ఎక్కువవుతుంది. రెండింటికీ కీటోకొనజోల్ రకం మందులు పనిచేస్తాయి, డాక్టరు చూసి ఖాయం చేశాక.

తిండి విషయంలో, తిన్న నూనె తిన్నగా ముఖానికి రాదు. చేపల పులుసు మానుకోవాల్సిన పని లేదు. మొటిమలకు కొంత ఆధారమున్నవి తెల్లన్నం, మైదా, చక్కెర టీలు, కూల్‌డ్రింకుల లాంటి రక్తంలో చక్కెరను గబుక్కున పెంచేవి, కొందరిలో పాలు, జిమ్ముకు పోయే కుర్రాళ్లు తాగే వే ప్రోటీన్ పొడి. రెండు నెలలు తగ్గించి చూడండి, తేడా లేకపోతే మామూలుగా తినండి.

నెలసరి తప్పుతూ వస్తున్నా, గడ్డం మీద బిరుసు వెంట్రుకలు మొలుస్తున్నా, మొటిమలు దవడ వెంటే గట్టి గడ్డలుగా వస్తున్నా ముఖానికి ఏం రాసినా ఆగదు. పీసీఓఎస్, అంటే ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య, ఉందేమో గైనకాలజిస్టుకు చూపించండి. గుంటలు పడుతున్న మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇస్తారు. పైన చెప్పినవాటన్నిటిలోకీ గ్రంథినే కుదించి జిడ్డును బాగా తగ్గించేది అదొక్కటే. గర్భంలో ఉన్న బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది కాబట్టి ఆడవాళ్లు వాడుతున్నంత కాలం, ఆపాక ఒక నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. లివరు, రక్తంలో కొవ్వుల పరీక్షలు చేయిస్తారు. ఒకరికి రాసిన చీటీతో ఇంకొకరు కొనుక్కునే మందు కాదు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా ముఖానికి రాసిన ప్రతి ట్యూబునూ, సబ్బు అట్టతో సహా, ఒక సంచిలో వేసుకుపోండి. ఆ రోజు పౌడరు, క్రీము ఏదీ రాయకుండా, క్రీము ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపారో తేదీలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ట్యూబు పారేసివుంటే మెడికల్ షాపు బిల్లు వెతకండి, పేరు దాని మీద ఉంటుంది.